దీనమనస్సు, లోకం చెప్పే సక్సెస్: విశ్వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం ఆరాధన అయ్యాక, యూత్ మీటింగుల్లో, ఇళ్లలో ప్రార్థన కూడిక ముగిసి టీ తాగేటప్పుడు ఈ ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. అడిగేవాళ్లలో ఇంటర్ చదివే పిల్లలున్నారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులున్నారు, పిల్లల్ని అమెరికా పంపిన తల్లిదండ్రులున్నారు, చిన్న సంఘాలు చూసుకునే కాపరులున్నారు. వాక్యం ఏం చెబుతోందో ముందు చూసి, అది మన తెలుగు సంఘాల్లో ఎక్కడ తగులుతుందో చెప్పే ప్రయత్నం ఇది.

దీనత్వం అంటే నన్ను నేను తక్కువ చేసుకోవడమా?

కాదు. యోహాను సువార్త 13వ అధ్యాయం తీయండి. భోజనం మధ్యలో యేసు లేచి, పైవస్త్రం పక్కన పెట్టి, తువాలు నడుముకు కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల పాదాలు కడగడం మొదలుపెట్టాడు. దానికి సరిగ్గా ముందు మాట గమనించండి. తండ్రి సమస్తమూ తన చేతికి అప్పగించాడని, తాను దేవుని దగ్గరనుంచి వచ్చి దేవుని దగ్గరికే వెళ్తున్నానని ఆయనకు తెలుసు. తానెవరో బాగా తెలిసే వంగాడు. తన విలువ ఎవరి నోటినుంచో రావాల్సిన పని లేదు కాబట్టి పేతురు పాదాలూ, తనను అప్పగించబోయే యూదా పాదాలూ ఒకే చేత్తో కడగగలిగాడు.

"నేనెంతటివాణ్ణండీ, దేనికీ పనికిరాను" అని పదిసార్లు అనడం దీనత్వానికి గుర్తు కాదు. అలా అనేవాళ్లలో చాలామంది ఎదుటివాళ్లు "అయ్యో, మీరు అలా అనకండి" అనాలని ఎదురుచూస్తారు. మన గురించి మనం ఏం మాట్లాడుకుంటున్నామో అక్కడ వెతికితే దీనత్వం దొరకదు. మనకంటే తక్కువ జీతం ఉన్నవాడికి, తక్కువ చదువున్నవాడికి, మనకు ఏ రకంగానూ ఉపయోగపడనివాడికి మన దగ్గర ఎంత చోటుందో చూడాలి. ఈ పేజీలో మిగతా జవాబులన్నీ ఆ కొలతతోనే రాసినవి.

మరి గొప్పవాణ్ణి కావాలనుకోవడం తప్పా?

యేసు యెరూషలేముకు వెళ్తున్నాడు. అక్కడ తనను చంపుతారని శిష్యులకు అప్పుడే మూడోసారి చెప్పాడు. ఆ మాట ఇంకా చెవుల్లో ఉండగానే యాకోబు, యోహాను వచ్చి, మహిమలో నీ కుడివైపు ఒకరం, ఎడమవైపు ఒకరం కూర్చుంటామని అడిగారు. మార్కు 10లో ఉంది. మిగతా పదిమందికి కోపం వచ్చింది. ఎందుకొచ్చిందో ఊహించడం కష్టం కాదు, వాళ్లకీ ఆ సీట్లే కావాలి.

యేసు ఏమన్నాడో చూడండి. గొప్పతనం కోరుకోకండి అనలేదు. "మీలో ఎవడైనను గొప్పవాడై యుండగోరినయెడల వాడు మీకు పరిచారము చేయువాడై యుండవలెను" అన్నాడు. కోరిక అలాగే ఉంచి, దాని దిక్కు మార్చాడు. కాబట్టి మంచి డాక్టర్ అవ్వాలని, మంచి లాయర్ అవ్వాలని, వ్యాపారం పెరగాలని కోరుకోవడం పాపం కాదు. యోసేపు ఐగుప్తు ధాన్యపు కొట్లు చూసుకున్నాడు, దానియేలు బబులోనులో పెద్ద ఉద్యోగం చేశాడు. నిర్గమకాండంలో బెసలేలు అనే పనివాడికి దేవుడు ఆత్మను ఇచ్చింది బంగారం, వెండి, చెక్క పనుల కోసం. పని బాగా రావడం దేవుడిచ్చే వరమే. ఆ పని వల్ల ఎవరు నిలబడుతున్నారన్నదే ప్రశ్న.

పౌలు ఫిలిప్పీయులకు రాసిన మాటలు ఇంత ప్రసిద్ధి ఎందుకయ్యాయి?

ఆ ఊరి గురించి కొంచెం తెలిస్తే ఆ మాటల బరువు అర్థమవుతుంది. క్రీ.పూ. 42లో ఫిలిప్పీ దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. ఆ తర్వాత రిటైరైన రోమా సైనికులకు అక్కడ భూములిచ్చి, దాన్ని రోమా కాలనీ చేశారు. అక్కడి జనానికి రోమా పౌరసత్వం అంటే ప్రాణం. ఎవరు ఏ పదవినుంచి ఏ పదవికి ఎదిగారో రాళ్లమీద వరసగా చెక్కించుకునే అలవాటు ఆ ఊళ్లో బాగా ఉండేది. మన ఊళ్లలో శిలాఫలకాలమీద పేర్లు, హోదాలు చూస్తాం కదా, అలాంటిదే ఇంకా ఎక్కువ మోతాదులో.

ఆ ఊరి విశ్వాసులకు పౌలు రెండో అధ్యాయంలో క్రీస్తు గురించి రాసిన వరస చూడండి. దేవుని స్వరూపంలో ఉన్నవాడు తన్ను తానే రిక్తునిగా, అంటే ఖాళీగా, చేసుకున్నాడు. దాసుని స్వరూపం ధరించాడు. మరణం వరకు విధేయుడయ్యాడు. ఆ మరణం కూడా సిలువమరణం. పదవులు పైకి ఎక్కే జాబితాలు చదివి అలవాటైన ఊళ్లో ఆయన మెట్టు మెట్టూ కిందికి దిగే జాబితా రాశాడు. సిలువ ముఖ్యంగా బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసే శిక్ష. రోమా పౌరుడు ఆ మాట నోట అనడానికే అసహ్యించుకునే కాలం అది. దేవుడు ఆయన్ని అధికంగా హెచ్చించాడని తర్వాత రాశాడు, నిజమే. కానీ హెచ్చించింది తండ్రి. కుమారుడు తనంతట తాను చేసింది దిగడమే.

మూడో అధ్యాయంలో పౌలు తన బయోడేటా కూడా చెప్పాడు. ఎనిమిదో రోజున సున్నతి, ఇశ్రాయేలు వంశం, బెన్యామీను గోత్రం, ధర్మశాస్త్రం విషయంలో పరిసయ్యుడు. అన్నీ చెప్పి, క్రీస్తును సంపాదించుకోవడానికి వాటిని పెంటతో సమానంగా ఎంచుకుంటున్నానన్నాడు. ఇది మన వివాహ పరిచయ వేదికలు, సంబంధాల వాట్సాప్ గ్రూపులు ఒకసారి చదవాల్సిన అధ్యాయం. మనం కూడా క్రైస్తవులమని రాసుకుని, కింద వెంటనే కులం, ప్యాకేజీ, వీసా రాస్తున్నాం.

"నిన్ను తలగా నియమించును గాని తోకగా నియమింపడు" అని దేవుడే అన్నాడు కదా?

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డులు పంచినప్పుడు చాలామంది రావాలని కోరుకునే వచనం ఇది. ద్వితీయోపదేశకాండం 28:13. కార్డుమీద ఆ ఒక్క వాక్యమే పడుతుంది. బైబిల్లో మాత్రం దాని చుట్టూ షరతు ఉంది. నేడు నేను మీకాజ్ఞాపించు మాటలు విని అనుసరించినయెడల అని.

ఆ మాటలు ఏమిటి? అదే పుస్తకం వెనక్కి తిప్పండి. ఏడో ఏట అప్పులు మాఫీ చేయాలి. కూలివాడి జీతం సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలి. పొలం కోసేటప్పుడు మర్చిపోయిన పన (కోసిన పైరు కట్ట) కోసం తిరిగి వెళ్లకూడదు, అది పరదేశికి, తండ్రిలేనివాడికి, విధవరాలికి. అంటే దేవుడు తలగా ఉంచాలనుకున్న జనం తోకను పట్టించుకునే జనం. పనిమనిషికి నెల జీతం ఆలస్యం చేసి, ఆ వాగ్దానం ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంటే ఆ వచనం మనకు వర్తించదు.

ఇంకో అధ్యాయం కూడా చదవండి, ఎనిమిదోది. మంచి ఇళ్లు కట్టించుకుని కాపురం పెట్టాక, వెండి బంగారాలు పెరిగాక, నా సామర్థ్యం, నా బాహుబలం ఇంత భాగ్యం తెచ్చిపెట్టాయని అనుకుంటావేమో జాగ్రత్త అని మోషే ముందే హెచ్చరించాడు. కొత్త ఇంటి కృతజ్ఞతా కూడికల్లో ఆ అధ్యాయం చదవడం నేను చాలా తక్కువగా విన్నాను. చదివితే బాగుంటుంది.

యిర్మీయా 29:11 కూడా అంతే. సమాధానకరమైన ఉద్దేశాలు అనే మాట పరీక్షల ముందు స్టేటస్‌లో పెట్టుకుంటాం. అది యిర్మీయా రాసిన ఉత్తరంలోని మాట. ఆ ఉత్తరం అందుకున్నది బబులోనుకు చెరపట్టబడినవాళ్లు. అదే ఉత్తరంలో డెబ్బై ఏళ్లు అక్కడే ఉండాలి, ఇళ్లు కట్టుకోండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని ఉంది. ఆ మాట విన్న పెద్దవాళ్లలో ఎక్కువమంది తిరిగి వెళ్లేంతకాలం బతికి ఉండరు. అయినా ఆ వాగ్దానం వాళ్లకు అబద్ధం కాలేదు. దేవుని మేలు మన జీవితకాలానికీ మన లెక్కకూ కుదరాలనే రూలు లేదు.

సాక్ష్యం చెప్పేటప్పుడు మా అబ్బాయి ఉద్యోగం గురించి చెప్పకూడదా?

చెప్పండి. దేవుడు మేలు చేస్తే నోరు కట్టేసుకోవడం కూడా సరికాదు. కానీ మైకు పట్టుకునే ముందు ఒక్క నిమిషం ఆ హాల్లో ఎవరున్నారో తలచుకోండి. "నేను ఉపవాసం ఉండి ప్రార్థన చేశాను, దేవుడు మా అబ్బాయికి వీసా ఇచ్చాడు" అని మీరన్నప్పుడు, అంతే ఉపవాసం ఉన్న ఇంకో తల్లి అదే వరసలో కూర్చుని ఉంటుంది. వాళ్లబ్బాయికి వీసా రిజెక్ట్ అయింది. మీ మాట ఆమె చెవికి "నీ ప్రార్థన సరిపోలేదు" అని వినిపిస్తుంది.

అందుకే సాక్ష్యంలో జీతం అంకె, కంపెనీ పేరు, ఏరియా పేరు తీసేసి చూడండి. ఇంకా దేవుని గురించి చెప్పడానికి ఏమైనా మిగిలితే అది సాక్ష్యం. దారిలో సాయం చేసినవాళ్ల పేర్లు చెప్పండి. ఫీజుకి అప్పిచ్చిన బాబాయిని, పిల్లవాడికి లెక్కలు చెప్పిన టీచర్ని. మనం పొందనిది మన దగ్గర ఏమీ లేదని, పొంది కూడా పొందనట్టు అతిశయపడటమెందుకని కొరింథీయులకు పౌలు అడిగిన ప్రశ్న ఇక్కడ బాగా పనికొస్తుంది.

ఇంకొకటి సంఘాలకు. ఉద్యోగం రాకపోయినా, రోగం తగ్గకపోయినా దేవుణ్ణి వదలనివాళ్లకు కూడా మైకు ఇవ్వండి. సాక్ష్యాల సమయం గెలిచినవాళ్లకే అయితే ఓడినవాళ్లు నెమ్మదిగా వెనక వరసకి, ఆ తర్వాత గేటు బయటికి వెళ్లిపోతారు.

ఆఫీసులో అప్రైజల్ ఫారంలో నా గురించి నేనే గొప్పగా రాయాలి. విశ్వాసిగా ఇది ఎలా?

నిజం రాయండి. చేసిన పని తగ్గించి రాయడం కూడా నిజం కాదు. పౌలు మొదటి కొరింథీ 15:10లో మిగతా అపొస్తలులందరికంటే నేనెక్కువ ప్రయాసపడ్డానని సూటిగా రాశాడు. వెంటనే, ప్రయాసపడింది నేను కాదు, నాకు తోడైన దేవుని కృప అన్నాడు. మొదటి సగం దాచలేదు, రెండో సగం మర్చిపోలేదు.

"ప్రాజెక్ట్ నేను డెలివర్ చేశాను" అని రాసే చోట, రాత్రంతా కూర్చుని టెస్టింగ్ చేసిన జూనియర్ పేరు కూడా ఉందా? మేనేజర్ మెచ్చుకున్నప్పుడు "అది ఆ అమ్మాయి ఐడియా సార్" అనగలిగారా? పరీక్ష అక్కడుంది. జీతం పెంచమని అడగడంలో తప్పేమీ లేదు. ఆ పెంపు రాకపోతే టెన్షన్ పడి, వచ్చినవాడి గురించి క్యాంటీన్‌లో చెడుగా మాట్లాడితే అక్కడ ఆగి ఆలోచించాలి.

పిల్లలు ర్యాంకు కోసం పోటీ పడొద్దా?

చదవనివ్వండి, బాగా చదవనివ్వండి. ఎంసెట్ అన్నా ఈఏపీసెట్ అన్నా ర్యాంకు వస్తే సీటు వస్తుంది, అది కాదనలేం. కానీ ర్యాంకు రాని రోజు ఇంట్లో భోజనం వేళ ఎలా గడిచింది, నాన్న మాట్లాడాడా లేదా అన్నదే ఆ పిల్లాడికి సువార్త గురించి ఎక్కువ నేర్పుతుంది. బంధువుల ముందు ఒక పిల్లని పొగిడి ఇంకో పిల్లని చూపించకుండా దాచే అలవాటు మన ఇళ్లలో ఉంది. దయచేసి మానేద్దాం.

నాకు అన్యాయం జరిగితే దీనత్వం పేరుతో నోరు మూసుకుని ఉండాలా?

ఉండక్కర్లేదు. విచారణలో బంట్రోతు చెంపమీద కొట్టినప్పుడు, నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేదో చెప్పు, సరిగ్గా మాట్లాడితే నన్నెందుకు కొడుతున్నావని యేసు అడిగాడు. ఫిలిప్పీలో పౌలును, సీలను విచారణ లేకుండా బెత్తాలతో కొట్టి జైల్లో వేశారు. తెల్లారాక చప్పుడు చేయకుండా వెళ్లిపొమ్మంటే పౌలు ఒప్పుకోలేదు. మేం రోమా పౌరులం, అధికారులే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకురావాలన్నాడు. వాళ్లొచ్చి బతిమాలుకున్నారు. అపొస్తలుల కార్యములు 16లో ఉంది.

మన నేలమీద ఇది ఊరికే చర్చించుకునే విషయం కాదు. తెలుగు సంఘంలో ఎక్కువమంది పూర్వీకులను "తగ్గి ఉండు" అని తరతరాలుగా ఊరి బయట ఉంచారు. 1866లో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ల వ్యాపారం చేసుకునే మనిషి, బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ ఏడే అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ ఒంగోలుకు కాపురం వచ్చాడు. ఆయన స్కూలుకు అగ్రకులాల పిల్లలు వస్తున్నారు, ఊరి పెద్దలు స్నేహంగా ఉన్నారు. పేరయ్య ద్వారా మాదిగలు సంఘంలోకి రావడం మొదలవగానే వాళ్లు తేల్చి చెప్పారు, వీళ్లని చేర్చుకుంటే మేం రామని. లోకం కళ్లతో చూస్తే లెక్క సులువు. పెద్దవాళ్లు వస్తే ఊరంతా వస్తుంది, పేరొస్తుంది. ఆ రోజు క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనపడిందని చెబుతారు, మొదటి కొరింథీ 1వ అధ్యాయం: లోకరీతిగా జ్ఞానులైనా, ఘనులైనా, గొప్ప వంశమువారైనా అనేకులు పిలువబడలేదు. ఆయన పేరయ్య మనుషులను చేర్చుకున్నాడు. అగ్రకులాల పిల్లలు స్కూలు వదిలి వెళ్లిపోయారు.

అందుకే నా అభిప్రాయం గట్టిగా చెబుతున్నాను. తల వంచిన మనిషిని ఇంకా వంగమనడం సువార్త కాదు. "తన్ను తాను" అన్నాడు పౌలు, క్రీస్తు గురించి ఫిలిప్పీయులకు రాస్తూ. దిగాల్సింది పైన ఉన్నవాడు, అదీ తనంతట తాను. భర్త కొడుతుంటే "తగ్గించుకుని సర్దుకో అమ్మా" అని సంఘ పెద్దలు చెప్పడం కూడా ఈ తప్పే. ఆమెను ముందు క్షేమమైన చోటికి చేర్చండి.

మేం సేవలోనే ఉన్నాం, బియ్యం పంచుతున్నాం, బట్టలిస్తున్నాం. మాకు గర్వం ఎక్కడినుంచి వస్తుంది?

ఇచ్చే చేతినుంచే వస్తుంది. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ మాట్లాడిన కొద్దిమంది భారతీయుల్లో వి.ఎస్. అజరయ్య ఒకరు. తిరునెల్వేలి తమిళుడు, డోర్నకల్ ప్రాంతంలో తెలుగువాళ్ల మధ్య సేవ చేస్తున్నాడు. మిషనరీల త్యాగాన్ని ఒప్పుకుంటూనే ఆయన అన్నాడు: మీరు మీ ఆస్తి బీదలకిచ్చారు, మీ శరీరాలను కాల్చబడటానికి అప్పగించారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి. ఆ హాల్లో ఉన్న చాలామందికి ఆ మాట నచ్చలేదు. రెండేళ్లకు, 1912 డిసెంబరులో, ఆయన డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే.

అజరయ్య అడిగిన ప్రశ్న ఇప్పుడు మనల్ని మనం అడగాలి. మనం బియ్యం బస్తా ఇచ్చే కుటుంబం ఇంట్లో ఎప్పుడైనా కూర్చుని భోజనం చేశామా? వాళ్ల పేర్లు తెలుసా? బస్తా ఒకవైపు మనం, ఒకవైపు వాళ్లు పట్టుకుని ఫోటోకి నిలబడితే, వాళ్ల పేదరికం మన ఆల్బమ్ అవుతుంది. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పింది సరిగ్గా ఈ సందర్భానికే. దాతలకు లెక్క చూపించాలంటే బిల్లులు చాలు, ముఖాలు అక్కర్లేదు.

సభల్లో ముందు సోఫాలు, శాలువాలు, ఫ్లెక్సీలు. ఇవన్నీ తప్పేనా?

గౌరవించడం తప్పు కాదు. కష్టపడి సేవ చేసిన కాపరికి శాలువా కప్పితే నాకు సంతోషమే. కానీ బంగారు ఉంగరం పెట్టుకున్నవాణ్ణి మంచి చోట కూర్చోమని, బీదవాణ్ణి అక్కడ నిలబడమని చెప్పే సంఘం గురించి యాకోబు రెండో అధ్యాయంలో ఏమన్నాడో చదివాక, ఎమ్మెల్యే గారు రాగానే వాక్యం మధ్యలో ఆపి స్వాగతం చెప్పడం నాకు ఎప్పుడూ ఇబ్బందిగానే ఉంటుంది. ఫ్లెక్సీమీద వక్త ముఖం సిలువకంటే పెద్దగా ఉంటే ఊళ్లోవాళ్లకు మనం ఎవరిని ప్రకటిస్తున్నట్టు?

ఎంత ప్రార్థించినా ఫలితం లేదు. నేను ఫెయిలయ్యాననే అనుకోవాలా?

నెల్లూరు మిషన్ కథ చెబుతాను. 1836లో అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ శామ్యూల్ డే తెలుగువాళ్ల మధ్యకు వచ్చాడు, 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచినా విశ్వాసులు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే. ఆ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో బోర్డు మళ్లీ మళ్లీ చర్చించింది. అక్కడే ఉండిపోయిన మిషనరీ లైమన్ జువెట్ 1854 జనవరి 1న తెల్లవారుజామున, భార్యతో, మరి కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ కథ చెప్పేవాళ్లు ఎక్కువగా ఆ అంకె కోసమే చెబుతారు. నాకు అంతకంటే ముఖ్యమైనవి రెండున్నాయి. కొండమీద మోకరించినవాళ్లకు ఆ అంకె తెలియదు. ఇరవై నాలుగేళ్ల తర్వాత ఏమవుతుందో తెలియకుండానే వాళ్లు నమ్మకంగా ఉన్నారు. ఆ రోజు వాళ్లు ఫెయిలైనట్టా? రెండోది క్లౌ చేసిన పని. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని చూపించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్లు బోలెడుమంది. ఆయన ఇవ్వలేదు. తిండికోసం వచ్చారనే అనుమానం ఉండకూడదని, సాయం అందుతున్నన్నాళ్లూ ఆపి ఉంచాడు. రిపోర్టులో రాసుకోవడానికి అంత పెద్ద అంకె చేతిదాకా వచ్చినా వద్దనుకున్నాడు.

డెబ్బైమంది శిష్యులు దయ్యాలు కూడా మాకు లోబడుతున్నాయని సంతోషంగా తిరిగొస్తే, దాని గురించి సంతోషించకండి, మీ పేర్లు పరలోకంలో రాసి ఉన్నాయని సంతోషించండి అన్నాడు యేసు. ఉద్యోగం పోయినా, వ్యాపారం మునిగినా, సంఘం పదిహేనుమంది దగ్గరే ఆగిపోయినా ఆ పేరు చెరిగిపోదు. మీరు ఫెయిల్ కాలేదు.

ఇవన్నీ మా సంఘంలో ఎలా మొదలుపెట్టాలి? అయ్యగారు నొచ్చుకుంటారేమో.

వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఇంటికి వెళ్లి, గౌరవంగా, ఒక్క విషయమే అడగండి. "అయ్యగారూ, వచ్చే నెల సహవాస విందులో పెద్దవాళ్లం వడ్డిస్తాం, ఎప్పుడూ వడ్డించే పిల్లల్నీ, మందిరం ఊడ్చే అమ్మనూ ముందు బంతిలో కూర్చోబెడదాం" అని చెప్పండి. చాలామంది కాపరులు సంతోషంగా ఒప్పుకుంటారు, వాళ్లకూ ఈ బాధ ఉంది. ఒప్పుకోకపోతే మీ వరకు మీరు గరిటె పట్టుకోండి. దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.